పైథాగరస్ సూత్రం అంతకుముందే తెలిసినప్పుడు, గ్రీకులు కొత్తగా చేసిందేమిటి?

లెక్కల పంతులు (ఆదిలాబాద్) | సెప్టెంబరు 2, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను పదో తరగతికి లెక్కలు చెప్తాను. మొన్న లంబకోణ త్రిభుజం పాఠం నడుస్తుంటే ఒక అమ్మాయి లేచి, "సార్, ఇది బౌధాయనుడు ముందే చెప్పిండంట కదా, మరి పైథాగరస్ పేరెందుకు పెట్టిండ్రు?" అనడిగింది. దానికి జవాబు చెప్పేలోపే పక్క వరసలో పిల్లవాడు, "స్కేలు పెట్టి కొలిస్తే తెలిసిపోతది కద సార్, ఈ నిరూపణంతా దేనికి?" అన్నాడు.

మొదటి ప్రశ్నకు జవాబు చెప్పాను. బౌధాయన శుల్బసూత్రంలో ఆ సూత్రం ఉన్నమాట నిజం. అంతకంటే వెనక, క్రీ.పూ. 1800 ప్రాంతపు బాబిలోనియా మట్టిపలక మీద కూడా అలాంటి త్రిభుజాల అంకెల పట్టిక ఉంది. పేరు ఎవరికి పడిందన్నది పెద్ద విషయం కాదని చెప్పాను.

రెండో ప్రశ్న మాత్రం ఇంటిదాకా నా వెంటే వచ్చింది. ఎందుకంటే ఆ పిల్లవాడు అడిగినదాంట్లోనే గ్రీకుల అసలు ఘనత ఉందని నా నమ్మకం. మీరేమంటారో రాయండి. నా సంగతి ముందు చెప్తాను.

ఒక మీటరు చదరం గీసి దాని కర్ణం కొలవండి. టేపు మీద 1.414 వస్తుంది. ఇంకా సన్నటి గీతలున్న టేపుతో కొలిస్తే ఇంకో అంకె వస్తుంది. బాబిలోనియా వాళ్లు దీన్ని ఐదు దశాంశ స్థానాల దాకా తప్పు లేకుండా పట్టుకున్నారు, పలక ఇప్పటికీ ఉంది. ఎంత గొప్ప పనితనమో ఆలోచించండి. కానీ ఆ అంకె ఎక్కడైనా ఆగుతుందా, ఏదో ఒక భిన్నంగా తేలుతుందా అన్నది ఏ టేపూ చెప్పలేదు. వెయ్యేళ్లు కొలిచినా తెలియదు. గ్రీకులు కొలవలేదు, వాదించారు. "సరే, అది భిన్నమే అనుకుందాం. ఇక కుదించడానికి లేనంతగా కుదించాం. అప్పుడు లెక్క ప్రకారం పైసంఖ్య సరిసంఖ్య కావాలి. అదైతే కిందిదీ సరిసంఖ్యే కావాలి. రెండూ సరిసంఖ్యలైతే ఇంకా కుదించవచ్చు కదా! కుదించడానికి లేదని మొదలుపెట్టాం కదా!" అంతే. మనం అనుకున్నదే కూలిపోయింది కాబట్టి అది భిన్నం కాదు. ఈ నిరూపణ మా పదో తరగతి పుస్తకంలోనే ఉంది. పిల్లలు దాన్ని బట్టీ పడతారు. అది నాకు చాలా బాధ.

---

పంచాంగం (రాజమహేంద్రవరం) | సెప్టెంబరు 2, రాత్రి 11:05

మాస్టారూ, మంచి చర్చ మొదలుపెట్టారు. అయితే ఒక మాట. మనవాళ్లు నిరూపించలేదు, వట్టి సూత్రాలే చెప్పారు అని తేల్చెయ్యకండి. సూత్రం కంఠస్థానికి, ఉపపత్తి, అంటే నిరూపణ, గురుముఖతః. భాష్యాలు చూస్తే ఉపపత్తులు బోలెడు. పైగా గ్రీకుల దగ్గర్నుంచి మనం నేర్చుకున్నాం అనేవాళ్లు ప్రతి పదాన్నీ అటు నుంచే లాక్కొస్తారు. హోర, అంటే గంట, అన్నది గ్రీకు మాటట! 'అహోరాత్ర'లో మొదటి అక్షరం, చివరి అక్షరం తీసేస్తే హోర. ఇది జ్యోతిషపండితుడు వరాహమిహిరుడి బృహజ్జాతకంలోనే ఉంది.

---

తూనీగ (హైదరాబాద్) | సెప్టెంబరు 3, ఉదయం 7:15

పంచాంగం గారూ, నమస్కారం. నేను భాషాశాస్త్రం చదువుతున్నాను. ఆ శ్లోకం మళ్లీ ఒక్కసారి చూడండి. 'ఏకే' అంటాడు ఆయన. కొందరు అలా అంటారు అని చెప్పాడు తప్ప తన మాటగా చెప్పలేదు.

హోర ఒక్కటే అయితే నేనూ వాదించేదాన్ని కాదు. అది ఒంటరిగా రాలేదు, చుట్టాలతో వచ్చింది. జాతకంలో ఏడో స్థానాన్ని 'జామిత్రం' అంటారు కదా, అది గ్రీకు 'దియామెత్రోస్', అంటే ఎదురుబొదురు, వ్యాసం. రాశిలో మూడో వంతైన 'ద్రేక్కాణం' వాళ్ల 'దెకానోస్'. 'లిప్త' వాళ్ల 'లెప్తా'. 'పణఫరం', 'ఆపోక్లిమం' అన్న మాటలకు సంస్కృతంలో ధాతువు వెతికితే దొరకదు, గ్రీకులో వెంటనే దొరుకుతుంది. ఇక 'కేంద్రం'. వాళ్ల 'కెంత్రోన్' అంటే ముల్లు, ములుగర్ర మొన. వృత్తం గీసేటప్పుడు గుచ్చి నిలబెట్టే మొన అక్కడిదే. మనం రోజూ కేంద్ర ప్రభుత్వం, పరీక్షా కేంద్రం, కొనుగోలు కేంద్రం అంటున్నాం. ఎద్దును పొడిచే ముల్లు ఎక్కడిదాకా నడిచొచ్చిందో చూడండి. నాకు ఈ మాట తలుచుకుంటేనే ఒళ్లు పులకరిస్తుంది.

---

పంచాంగం (రాజమహేంద్రవరం) | సెప్టెంబరు 3, మధ్యాహ్నం 2:30

అమ్మా, పుస్తకం తీసి చూశాను. నువ్వు చెప్పింది సబబే, 'ఏకే' అనే ఉంది. నా తొందర.

చూస్తూ చూస్తూ ఆ అధ్యాయంలోనే ముందుకు వెళ్తే ఇంకోటి కనబడింది. చిన్నప్పుడు మా తాతగారు వల్లె వేయించారు కానీ అర్థం ఎవరూ చెప్పలేదు. రాశులకు వేరే పేర్ల జాబితా: క్రియ, తావురి, జితుమ, లేయ, పాథోన, జూక, కౌర్ప్య, తౌక్షిక, ఆకోకేర, హృద్రోగ. కుంభానికి హృద్రోగమేమిటి, గుండెజబ్బా అని చిన్నతనంలో భయపడేవాణ్ణి. అది గ్రీకు 'హుద్రొఖోఓస్' అట, నీళ్లు పోసేవాడు. తావురి వాళ్ల 'తౌరోస్', ఎద్దు. లేయ 'లెయోన్', సింహం. అరవై ఏళ్లుగా నా నోట్లో గ్రీకు ఉందన్నమాట.

ఆ వరాహమిహిరుడే బృహత్సంహితలో ఏమన్నాడో కూడా రాస్తాను: "మ్లేచ్ఛా హి యవనాస్తేషు సమ్యక్ శాస్త్రమిదం స్థితమ్, ఋషివత్తేఽపి పూజ్యంతే". యవనులు, అంటే గ్రీకులు, మ్లేచ్ఛులే అయినా ఈ శాస్త్రం వాళ్ల దగ్గర చక్కగా నిలిచి ఉంది కనుక ఋషుల్లా వాళ్లనూ పూజిస్తారు అని. 6వ శతాబ్దంలో ఆయనకు లేని నామోషీ మనకెందుకు?

వారాల వరస సంగతి కూడా చెప్తాను, చాలామందికి తెలియదు. భూమికి దూరాన్ని బట్టి గ్రహాలను శని, గురు, కుజ, రవి, శుక్ర, బుధ, చంద్ర అని పేర్చారు. రోజులో 24 హోరలు, ఒక్కో హోరకు ఒక్కో అధిపతి, ఇదే వరసలో. శనివారం మొదటి హోర శనిది. ఏడేసి చొప్పున మూడు చుట్లు తిరిగితే 21. ఇంకా మూడు మిగులుతాయి: శని, గురు, కుజ. ఇరవై అయిదోది, అంటే మర్నాడు పొద్దున్న మొదటిది, రవిది. అందుకే శనివారం తర్వాత ఆదివారం. అలాగే లెక్కపెట్టుకుంటూ పోండి, సోమ, మంగళ, బుధ అన్నీ సరిగ్గా వస్తాయి.

---

లెక్కల పంతులు (ఆదిలాబాద్) | సెప్టెంబరు 3, రాత్రి 8:50

పంచాంగం గారూ, మీకు నా దండాలు. రేపు క్లాసులో వారాల లెక్క చేయిస్తాను.

ఇచ్చిపుచ్చుకోవడం అటు నుంచి ఇటే కాదని కూడా పిల్లలకు చెప్పాలి. గ్రీకులు త్రికోణమితిలో పూర్తి జ్యాను, అంటే చాపం రెండు కొసలూ కలిపే గీతను, పట్టికలుగా వేశారు. అలెగ్జాండ్రియా ఖగోళ పండితుడు టోలెమీ పట్టిక అర డిగ్రీకి ఒకటి చొప్పున ఉంటుంది. మనవాళ్లు దాన్ని సగం చేసి అర్ధజ్యా తీసుకున్నారు. 499లో ఆర్యభటుడి దగ్గర అదే ఉంది. చూడటానికి చిన్న మార్పు, కానీ లెక్క ఎంత తేలికైందో రోజూ చేసేవాళ్లకు తెలుసు. జ్యాకే ఇంకో పేరైన 'జీవా' అరబీలోకి 'జీబ' అని వెళ్లింది. ఆ లిపిలో అచ్చులు రాయరు కాబట్టి తర్వాతివాళ్లు దాన్ని 'జైబ్' అని చదువుకున్నారు, అంటే బట్ట మడత. లాటిన్‌లోకి మార్చినవాళ్లు మడతకు తమ మాట 'సైనస్' పెట్టారు. మా పిల్లలు పరీక్షలో రాసే 'సైన్' అదే.

యూక్లిడ్ కూడా తిరిగి తిరిగి మన దగ్గరికి వచ్చాడు. క్రీ.పూ. 300 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో రాసిన 13 భాగాల ఆ గ్రంథం బాగ్దాదులో అరబీ అయింది. 18వ శతాబ్దం మొదట్లో సవాయి జైసింగ్ ఆస్థానంలో జగన్నాథ సమ్రాట్ దాన్ని అరబీ నుంచి సంస్కృతంలోకి తెచ్చాడు. ఆ పుస్తకానికి ఆయన పెట్టిన పేరు 'రేఖాగణితం'. మన బళ్లలో ఆ పాఠానికి ఉన్న పేరే.

---

ఘంటసాల వాసి (కృష్ణా జిల్లా) | సెప్టెంబరు 4, ఉదయం 6:20

మా ఊరి మాట లేకుండా ఈ చర్చ అయిపోతుందేమోనని రాస్తున్నా. టోలెమీ అంటే పట్టికలే కాదు, భూగోళం కూడా. 2వ శతాబ్దంలో ఆయన రాసిన ఊళ్ల జాబితాలో మన తీరం 'మైసోలియా' అని ఉంది. అందులో 'కొంటకొస్సుల' అనే వర్తక రేవు ఉంది. అది మా ఘంటసాలే అని పండితులు గుర్తించారు. ఇక్కడ బౌద్ధ స్తూపం బయటపడింది. అంతకుముందు శతాబ్దంలో గ్రీకు నావికుడొకడు రాసిన ప్రయాణ గ్రంథంలో ఇదే తీరాన్ని 'మసాలియా' అంటూ, ఇక్కడ సన్నబట్ట విస్తారంగా నేస్తారని రాశాడు. అలెగ్జాండ్రియాలో కూర్చున్న మనిషి మా రేవుకు అక్షాంశం రేఖాంశం వేశాడంటే నాకు అబ్బురమే. అంకెలు కొంత తప్పాయి, తప్పనీ. ప్రపంచంలో ప్రతి ఊరికీ రెండు అంకెలతో చిరునామా ఇవ్వొచ్చని తలపెట్టి ఎనిమిది వేల దాకా చోట్లకు వేసి చూపించాడు.

---

ఉప్పెన (ఖమ్మం) | సెప్టెంబరు 4, సాయంత్రం 5:10

అన్నీ చదువుతున్నా. కానీ ఒకటి అడగాలె. ఈ గొప్పతనమంతా ఎవరి చెమట మీద? ఏథెన్స్‌లో సభకు పోయి చెయ్యెత్తే హక్కు ఆడవాళ్లకు లేదు, బానిసలకు లేదు, బయటినుంచి వచ్చి తరాలుగా అక్కడే బతుకుతున్నవాళ్లకు లేదు. లౌరియాన్ వెండి గనుల్లో బానిసలు నడుము వంచి పాకే సొరంగాల్లో తవ్విన వెండితోనే వాళ్ల యుద్ధనౌకలు తయారైనై. అరిస్టాటిల్ అంతటోడు కొందరు పుట్టుకతోనే బానిసలు అని రాసిండు. మన దగ్గర పుట్టుకను బట్టి మనిషిని కట్టేసినోళ్లను తప్పుపట్టి, గ్రీకోణ్ణి మాత్రం వదిలేద్దామా?

---

తూనీగ (హైదరాబాద్) | సెప్టెంబరు 4, రాత్రి 9:00

వదలొద్దు అన్నా. మీరన్న ప్రతి మాటా నిజం.

ఆ మాట రాసిన 'పాలిటిక్స్' పుస్తకంలోనే అరిస్టాటిల్ ఇంకో సంగతి కూడా రాశాడు. యజమాని, బానిస అన్న తేడా ప్రకృతిలో లేదు, చట్టం పెట్టిందే, బలవంతం మీద నిలబడింది కాబట్టి అన్యాయం అనేవాళ్లు ఉన్నారని. ఆయన వాళ్లతో ఒప్పుకోలేదు. కానీ వాళ్ల వాదాన్ని దాచలేదు, ముందు దాన్ని చెప్పి తర్వాత తనది చెప్పాడు. అందువల్లే ఆ రోజుల్లో బానిసత్వాన్ని ఎదిరించిన గొంతులున్నాయని మనకు తెలిసింది. ఎదుటివాడి వాదం రాసిపెట్టే అలవాటు లేకపోతే ఆ గొంతులు మట్టిలో కలిసిపోయేవి.

ఇంకోటి, ఏథెన్స్‌లో పదవులు చాలావరకు చీట్లతో ఇచ్చేవాళ్లు. ఎన్నిక పెడితే డబ్బున్నవాడు, పేరున్నవాడు గెలుస్తాడని వాళ్ల అనుమానం. 500 మంది మండలి సభ్యులు చీట్ల మీదే వచ్చేవాళ్లు. న్యాయసభల కోసం రాతిపలకకు వరసలుగా గాళ్లు చెక్కి, పేర్లున్న రేకులు అందులో గుచ్చి, పక్కన గొట్టంలో తెల్లవీ నల్లవీ గోళీలు పోసి ఎవరు కూర్చోవాలో తేల్చేవాళ్లు. ఆ రాళ్లు తవ్వకాల్లో దొరికాయి. తమిళనాడు ఉత్తరమేరూరులో 10వ శతాబ్దపు శాసనంలో కుండలో తాటాకు చీట్లు వేసి పిల్లాడితో తీయించే పద్ధతి ఉంది చూడండి, అదే ఆలోచన. అక్కడా భూమి ఉన్నవాళ్లకే అవకాశం.

---

రంగస్థలం (తెనాలి) | సెప్టెంబరు 5, రాత్రి 12:15

నాటకం ఆడి ఇప్పుడే ఇంటికొచ్చాను, నిద్ర పట్టక ఈ చర్చ చదివాను. లెక్కలు నాకు రావు. నాకు గ్రీకులంటే ఎస్కిలస్.

క్రీ.పూ. 480లో పర్షియా చక్రవర్తి జెర్‌క్సీస్ దండెత్తి వచ్చి ఏథెన్స్‌ను తగలబెట్టాడు. గుళ్లు కాల్చాడు. ఆ ఏడే సలామిస్ దగ్గర సముద్రం మీద గ్రీకులు అతణ్ణి ఓడించారు. ఎనిమిదేళ్లకు, 472లో, ఎస్కిలస్ ఆ యుద్ధం మీద నాటకం కట్టాడు. ఈయన అంతకుముందు పర్షియాతో జరిగిన మారథాన్ యుద్ధంలో స్వయంగా కత్తి పట్టినవాడు, ఆ యుద్ధంలోనే సోదరుడు చచ్చిపోయాడు. ఇలాంటివాడు రాస్తే ఏం రాస్తాడనుకుంటాం? మనవాళ్ల వీరం, ఎదుటివాడి మీద నాలుగు తిట్లు, చప్పట్లు.

ఆయన తెర తీసింది పర్షియా రాజధాని సూసాలో. రంగం మీద ఒక్క గ్రీకువాడు లేడు. ముసలి మంత్రులు, కొడుకు కోసం ఎదురుచూసే రాజమాత. వార్తాహరుడు వచ్చి చచ్చిపోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెబుతాడు, అన్నీ పర్షియన్ పేర్లే. తల్లి వింటూ కూర్చుంటుంది. చివర్లో జెర్‌క్సీస్ చినిగిన బట్టలతో వస్తాడు, ఏడుపుతో నాటకం అయిపోతుంది. చూస్తున్నదెవరు? వీళ్ల చేతుల్లోనే ఇళ్లు తగలబడినవాళ్లు. ఆ జనమే దానికి మొదటి బహుమతి ఇచ్చారు.

మా పద్యనాటకాల్లో దుర్యోధనుడు పడిపోయినప్పుడు జనంలో ఒక నిశ్శబ్దం వస్తుంది. ముప్పై ఏళ్లుగా అది వింటున్నాను. కానీ దుర్యోధనుడు మన ఇల్లు కాల్చలేదు కదా! కాల్చినవాడి తల్లి కోసం ఏడవగలగడం వేరు.

ఉప్పెన గారడిగినదానికి కూడా నా జవాబు ఇక్కడే ఉంది. క్రీ.పూ. 416లో మెలోస్ దీవి లొంగలేదని ఏథెన్స్ అక్కడి మగవాళ్లను చంపి, ఆడవాళ్లనూ పిల్లలనూ బానిసలుగా అమ్మింది. మరుసటి వసంతంలోనే ఇంకో నాటకకర్త యూరిపిడీస్ ఏథెన్స్ వాళ్ల ముందు ట్రాయ్ స్త్రీల కథ పెట్టాడు. ఓడిపోయిన ఊరి ఆడవాళ్లు ఎవరెవరికి పంచబడతారో ఎదురుచూస్తూ కూర్చుంటారు. చంటిబిడ్డను కోటగోడ మీదనుంచి తోస్తారు. ఆ చేసేది గ్రీకు సైన్యం.

---

ఉప్పెన (ఖమ్మం) | సెప్టెంబరు 5, ఉదయం 8:30

రంగస్థలం అన్నా, మీరు రాసింది మా అమ్మకు చదివి వినిపించిన. నా ప్రశ్న అట్లనే ఉంది గానీ, ఆ ప్రశ్న వాళ్లలోనే కొందరు అడిగిండ్రని ఇప్పుడు తెలిసింది.

---

డల్లాస్ తెలుగు (టెక్సస్) | సెప్టెంబరు 6, ఉదయం 10:45

నేను యంత్రాల ఇంజనీరుని, గేర్లు గీయడమే పని. ఏథెన్స్ పురావస్తు మ్యూజియంలో ఒక అద్దాల పెట్టె ముందు గంటన్నర నిలబడిపోయాను. ఆంటికిథెరా దీవి దగ్గర మునిగిన ఓడను 1900లో స్పాంజి ఏరే గజ ఈతగాళ్లు కనిపెట్టారు. దాంట్లో పైకి తెచ్చిన వస్తువుల్లో తుప్పు పట్టిన కంచు ముద్ద ఒకటి. 1902లో దాంట్లో పళ్లచక్రం కనబడింది. ఇప్పుడు 82 ముక్కలున్నాయి, 30 చక్రాలు మిగిలాయి. ఓడ మునిగింది క్రీ.పూ. 1వ శతాబ్దంలో.

పిడి తిప్పితే సూర్యచంద్రులు రాశుల్లో ఎక్కడున్నారో చూపించే పెట్టె అది. 223 చాంద్రమాసాలకు, అంటే 18 ఏళ్ల 11 రోజుల చిల్లరకు, గ్రహణాలు మళ్లీ అదే వరసలో వస్తాయి. అందుకని ఒక చక్రానికి 223 పళ్లు కోశారు. 223 ప్రధాన సంఖ్య, చిన్న చక్రాలుగా విడగొట్టడానికి కుదరదు. ఆకురాయితో చేతి మీద అన్ని పళ్లు సమానంగా కొయ్యడం ఎంత కష్టమో నాకు తెలుసు.

నన్ను నిజంగా కట్టిపడేసింది వేరే. చంద్రుడు ఒకే వేగంతో కదలడు, కొన్నాళ్లు త్వరగా, కొన్నాళ్లు నెమ్మదిగా. దానికోసం ఒకదాని మీద ఒకటి రెండు చక్రాలు పెట్టి, వాటి ఇరుసులను కొద్దిగా పక్కకు జరిపారు. ఒకదాని మేకు రెండోదాని గాడిలో జారుతూ తిప్పుతుంది. అంతే, సమవేగం కాస్తా ఎక్కువ తక్కువలవుతుంది. 2005లో ఎక్స్‌రేలతో లోపలంతా చూశాక ఇది ఖాయమైంది. 223 నెలల సంగతి బాబిలోనియా వాళ్లు శతాబ్దాలు ఆకాశం చూసి రాసిపెట్టుకున్నదే. గ్రీకులు ఆ అంకెలను తీసుకుని, వాటి వెనక ఏ ఆకారం ఉంటే ఇలా జరుగుతుంది అనడిగి, ఆ ఆకారాన్ని కంచులో కోశారు. మాస్టారి విద్యార్థికి ఇది చెప్పండి.

---

పెన్నేటి గట్టు (కడప) | సెప్టెంబరు 7, సాయంత్రం 6:00

మాస్టారూ, నేనూ బడిపంతులునే, భౌతికశాస్త్రం. ఒక మాట తట్టింది. ఎరటోస్తనీస్ అలెగ్జాండ్రియా గ్రంథాలయం పెద్ద. సైయినీలో, అంటే ఇప్పటి అస్వాన్‌లో, జూన్‌లో ఆయనం మారే రోజు మధ్యాహ్నం ఎండ బావి అడుగుదాకా పడుతుంది, నీడ ఉండదు. అదే పూట అలెగ్జాండ్రియాలో నీడ పడింది, చుట్టులో 50వ వంతు కోణం. రెండూళ్ల మధ్య 5,000 స్టేడియాలు (గ్రీకుల దూరపు కొలత), అందుకని భూమి చుట్టుకొలత 2,50,000 స్టేడియాలు. ఊరు దాటకుండా భూమి కొలిచినాడు.

పటం చూస్తి. మీ ఆదిలాబాదు, మా కడప దాదాపు ఒకే రేఖాంశం మీదుండాయి. నడుమ గీత గీస్తే సుమారు 575 కిలోమీటర్లు. ఒకే రోజు మధ్యాహ్నం ఇద్దరం మీటరు కర్ర నాటి నీడ కొలుద్దామా? సెప్టెంబరు 23 అనుకుందాం. ఏ రోజైనా పర్వాలేదు, ఇద్దరిదీ అదే రోజైతే చాలు, కోణాల తేడానే కదా కావలసింది. మనకు సూర్యుడు నడినెత్తికి వచ్చేది 12 గంటల 8 నిమిషాల ప్రాంతంలో. ఐదైదు నిమిషాలకోసారి నీడ కొలిచి అన్నిటికన్నా పొట్టిది తీసుకుందాం.

---

లెక్కల పంతులు (ఆదిలాబాద్) | సెప్టెంబరు 7, రాత్రి 7:25

ఖాయం. కర్రకు తూకపుగుండు కట్టి నిలబెడతాం. ఆ ఇద్దరు పిల్లలకే పని అప్పగిస్తున్నా.

---

లెక్కల పంతులు (ఆదిలాబాద్) | సెప్టెంబరు 23, మధ్యాహ్నం 3:10

పొద్దున మబ్బు పట్టింది, గుండె గుభేలుమంది. పదకొండున్నరకు ఎండ వచ్చింది. అతి పొట్టి నీడ 35.9 సెంటీమీటర్లు. పట్టిక చూస్తే 19.75 డిగ్రీలు.

---

పెన్నేటి గట్టు (కడప) | సెప్టెంబరు 23, మధ్యాహ్నం 3:32

మాకు ఎండ దంచింది. 25.6 సెంటీమీటర్లు, 14.36 డిగ్రీలు.

---

లెక్కల పంతులు (ఆదిలాబాద్) | సెప్టెంబరు 23, రాత్రి 8:15

తేడా 5.39 డిగ్రీలు. 360ని దాంతో భాగించి 575తో గుణిస్తే సుమారు 38,400 కిలోమీటర్లు వచ్చింది. ధ్రువాల మీదుగా భూమి చుట్టుకొలత 40,008. వందకు నాలుగు తక్కువ. లెక్క బోర్డు మీద పూర్తిచేసింది బౌధాయనుడి సంగతి అడిగిన అమ్మాయి.

స్కేలు పెట్టి కొలిస్తే చాలు కదా అన్న పిల్లవాడు చాలాసేపు నీడ దగ్గరే కూర్చున్నాడు. సాయంత్రం బడి వదిలాక వచ్చి అడిగాడు: "సార్, రెండు ఊళ్లల్ల ఎండ సమాంతరంగనే పడుతుందని మనం అనుకున్నం కద. అది ఎట్ల నిరూపించాలె?"